ముందు సగం మాది, వెనక సగం వాళ్లది

"ఇది ఒక ట్రాక్టర్ కాదండీ. రెండు."

ఆమె నాతో అన్న మొదటి మాట అది. అప్పటికి నేను ఆమె మొహం కూడా చూడలేదు. మా కొట్టంలో, తాతయ్య బూడిదరంగు ట్రాక్టర్ కింద నుంచి రెండు రబ్బరు బూట్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. బయట వాన. మా యార్క్‌షైర్ లోయల్లో వాన పడితే ఎవరూ చెప్పుకోరు, పడకపోతే చెప్పుకుంటారు.

"రెండేమిటండీ? నాకు ఒకటే కనిపిస్తోంది," అన్నాను.

"పైనుంచి చూస్తే ఒకటే. కింద ఇనుము మీద నంబర్లు గుద్ది ఉన్నాయి. ముందు సగం పంతొమ్మిదివందల యాభై ఒకటిలో తయారైంది, వెనక సగం యాభై నాలుగులో. ఎవరో మధ్యలో బోల్టులు బిగించి ఒకటే బండి అనిపించారు."

"పోనీ మధ్యేమార్గంగా యాభై రెండున్నర అని రాసెయ్యండి."

బూట్లు కదల్లేదు. కాసేపటికి ఒక తల బయటికొచ్చింది. ముక్కు మీద గ్రీజు, జుట్టులో గడ్డిపరకలు. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. గోడవైపు తిరిగి చాలాసేపు గోడను చూసింది.

"గోడకేమైంది?"

"ఏం కాలేదు. బావుంది," అంది. భుజాలు మాత్రం ఊగాయి.

ఆమె పేరు హెస్టర్ హార్కర్. పాత ట్రాక్టర్ల సంఘం తరఫున తనిఖీకి వచ్చింది. కాగితాలు పోయిన బండిని మళ్లీ రోడ్డెక్కించాలంటే, ఇది ఫలానా ఏడాది బండి, అచ్చంగా ఒకే బండి అని సంఘం ఉత్తరం రాసివ్వాలి. అది చూసి లైసెన్సు ఆఫీసువాళ్లు నంబరు ఇస్తారు. ఆ ఉత్తరం రాసే చెయ్యి హెస్టర్‌ది.

"ఇంతకీ అసలు రిజిస్ట్రేషన్ లాగ్‌బుక్కు ఏమైంది?" అంది చేతులు తుడుచుకుంటూ.

"గొర్రె తినేసింది."

ఆమె నా మొహం వంక చూసింది.

"నిజమండీ. మంచులో పుట్టిన పిల్లను తాతయ్య వంటింట్లో పొయ్యి పక్కన పెట్టెలో పెట్టి పెంచాడు. పెట్టె అడుగున చేతికందిన కాగితాలు పరిచాడు. పొద్దున్నకి పిల్ల బతికింది, కాగితాలు పోయాయి."

"మరి నంబరు ప్లేటు?"

"కోళ్లగూటికి అతుకు వేశాడు. గాలివానకి గూడు ఎగిరిపోయింది."

"గొర్రె ఉందా ఇంకా?"

"ఉంది. పిలవమంటారా?"

"వద్దులెండి. దానికీ గుర్తుండదు," అని సంచి సర్దుకుంది. "ఏది ఎక్కడి సగమో తేలేదాకా నేను సంతకం పెట్టలేను. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? ఒళ్లు మండిపోయింది. తాతయ్యకు చూపు తగ్గిపోతోంది. ఈ వేసవి దాటితే స్టీరింగు ముట్టుకోవద్దని కళ్ల డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. జూన్ మొదటి ఆదివారం సంఘంవాళ్లు పాత ట్రాక్టర్లన్నిటినీ వరసగా కనుమ దాటిస్తారు. ఆ వరసలో తన బండిని తనే నడపాలని తాతయ్య కోరిక. మా నాయనమ్మది కనుమ అవతలి ఊరు. ఆమెను పెళ్లాడి ఈ ట్రాక్టర్ మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని ఆ దారినే తెచ్చుకున్నాడు. ఆయన అడిగింది అదొక్కటే. పోనీ నంబరు లేకుండా ఎక్కించేద్దామంటే ఒప్పుకోడు. "ఇన్నేళ్లూ పోలీసుతో మాట పడలేదు, ఇప్పుడు పడను," అంటాడు.

ఆ సాయంత్రం తాతయ్యను నిలదీశాను.

"తాతయ్యా, ట్రాక్టర్ వెనక సగం ఎక్కడిది?"

మా ఎజ్రా తాతయ్యకు చూపు తగ్గిందిగానీ చెవులు పాము చెవులు. అయినా ఆ క్షణాన ఉన్నట్టుండి చెవుడు వచ్చేసింది.

"గాలి బాగా వీస్తోంది," అన్నాడు.

"వెనక సగం ఎవరిది?"

"గొర్రెల్ని లోపలికి తోలాలి," అని లేచి వెళ్లిపోయాడు. గొర్రెలు లోపలే ఉన్నాయి.

హెస్టర్ వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. కొలతలు రాసుకోవడం మర్చిపోయిందట. ఆ తర్వాత ఇంకోసారి వచ్చింది. టార్చి మర్చిపోయిందట. ఆ మాట చెబుతున్నప్పుడు టార్చి ఆమె చేతిలోనే ఉంది. నేను గుర్తుచేయలేదు. గుర్తుచేస్తే వెళ్లిపోతుందని భయం. అప్పటికే ఆమె బండి చప్పుడు మలుపులో వినపడితే చాలు, నేను టీ నీళ్లు పొయ్యి మీద పెట్టేస్తున్నాను.

"టీ తాగుతారా?"

"తాగుతాను. కానీ టీ ఇచ్చారని సంతకం పెట్టను."

"బిస్కెట్లు కూడా ఉన్నాయి."

"అయినా పెట్టను," అంటూ నాలుగు తీసుకుంది.

ఒకరోజు వానలో తడిసి ముద్దై వచ్చి, కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

"క్లెమ్ గారూ, మా ఇంట్లోనూ ఇలాంటి ట్రాక్టరే ఉంది."

"ఉంటుంది. లోయ నిండా అవేగా."

"దాని ముందు సగం యాభై నాలుగు."

నేను కప్పు కింద పెట్టాను.

"వెనక సగం యాభై ఒకటి," అంది నీరసంగా.

"ఇన్నాళ్లూ మీరు దాని కిందికి దూరలేదా?"

"జిల్లాలో ఉన్న బళ్లన్నిటి కిందికీ దూరాను. కాగితాలు సరిగ్గా ఉన్న మా ఇంటి బండి కిందికి ఎందుకు దూరతాను?"

"దీపం కిందే చీకటి అంటారు."

"ఇంకొక్క మాటంటే ఈ టీ నెత్తిన పోస్తాను," అంది. ఈసారి గోడవైపు తిరక్కుండానే నవ్వేసింది. నా పని అయిపోయిందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఆమె తాత సైలస్ హార్కర్. వేరే ఊళ్లో పెరిగి రెండేళ్ల కిందటే ఆయన దగ్గరికి వచ్చింది గనక ఆమెను నేనెరగను. మా పొలానికీ వాళ్ల పొలానికీ మధ్య ఒక్క రాతిగోడే అడ్డం. అయినా తాతయ్య, ఆయన మాట్లాడుకోగా నేను పుట్టి ఎరగను. గొడవేమీ లేదు. మంగళవారం సంతలో ఎదురుపడితే ఇద్దరూ ఒక అంగుళం తల ఊపుకుంటారు, అంతే. మర్నాడు హెస్టర్ ఆయన్ని ట్రాక్టర్‌తో సహా పొలాలకు అడ్డంపడి మా కొట్టానికి తోలుకొచ్చింది. ముసలివాళ్లిద్దరినీ చెరో బల్ల మీద కూర్చోబెట్టాం.

"తాతా, ఈ రెండు బళ్లూ తారుమారయ్యాయని నీకు తెలుసా?" అని హెస్టర్ మొదలుపెట్టింది.

"తెలుసు," అన్నాడు సైలస్ తాత.

"తాతయ్యా, నీకు?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మర్నాటినుంచి," అన్నారిద్దరూ.

సంగతి ఇదీ. అరవై మూడు చలికాలంలో రెండు బళ్లకీ క్లచ్చు పోయింది. క్లచ్చు మార్చాలంటే ట్రాక్టర్‌ను నడుముదగ్గర విప్పి రెండు ముక్కలు చెయ్యాలి. జాకీలు ఒక్క జతే ఉన్నాయని ఇద్దరూ ఒకే కొట్టంలో పని పెట్టుకున్నారు. చలి చంపేస్తోందని సైలస్ వాళ్లమ్మ రబర్బ్ అనే పుల్లటి కాడలతో తన చేత్తో చేసిన వైను కూజాతో ఇచ్చింది. ఇద్దరూ మందు ముట్టమని చాపెల్లో, అంటే మా ఊరి చిన్న చర్చిలో, అందరి ముందూ ప్రమాణం చేసినవాళ్లు. కాకపోతే మా లోయలో ఇంట్లో చేసిన రబర్బ్ వైనును ఎవరూ మందుగా లెక్కపెట్టరు. జలుబు మందు కింద జమ. ఆ జలుబు మందు కూజా అడుగంటేసరికి, ఈయన ముందు సగానికి ఆయన వెనక సగం బిగించేశారు.

"మర్నాడు సీటు మీద కూర్చోగానే తెలిసిపోయింది," అన్నాడు తాతయ్య. "అది నా సీటు కాదు. వీడి పిరుదులకు తగ్గట్టు పల్లం పడి ఉంది."

"నీ సీటు మహా సుఖంగా ఉందనుకున్నావా!" అన్నాడు సైలస్ తాత. "అరవై ఏళ్లనుంచి నడుంనొప్పి."

"మరి చెప్పి మార్చుకోవచ్చు కదా?" అన్నాను నేను.

ఇద్దరూ నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశారు.

"చెబితే, ఒళ్లు తెలిసినవాళ్లు ఇలా ఎలా బిగించారని అడగరూ?" అన్నాడు తాతయ్య. "చాపెల్లో తల ఎక్కడ పెట్టుకోను? ముందు వీడే చెబుతాడులే అనుకున్నా."

"నువ్వు చెబుతావని నేను చూశా," అన్నాడు సైలస్ తాత. "ఎదురుపడితే ఎక్కడ ఆ మాటొస్తుందోనని పలకరించడం మానేశా."

అరవై ఏళ్లు తేలుకుట్టిన దొంగల్లా ఉన్నారిద్దరూ. గోడకు అటొకరు, ఇటొకరు.

"ఏరా సైలస్," అన్నాడు తాతయ్య.

"ఏమిట్రా."

"నీ గేర్లు బాగా పనిచేశాయి."

"నీవి కూడా," అన్నాడు ఆయన. ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. కొట్టంలో దుమ్ము ఎక్కువగా ఉందన్నారు.

రెండు బళ్లనీ మళ్లీ విప్పి, ఎవరి సగం వాళ్లకు చేర్చే పని నామీదా హెస్టర్‌మీదా పడింది. వారంరోజులు సాయంత్రాలన్నీ ఇద్దరం గ్రీజులోనే ఉన్నాం. మొదటిరోజే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. వేళ్ల మీద సుత్తి పడినప్పుడు మర్యాదలు గుర్తుండవు.

సగాలను కలపడం ఒక్కరి వల్ల కాదు. వెనక సగం షాఫ్టు కడ్డీ ముందు సగం క్లచ్చులోకి నేరుగా దూరాలి. ఇద్దరం కింద పడుకుని, చెరోవైపునుంచి చూస్తూ, కొంచెం కొంచెం జరుపుతున్నాం. ఆమె చెంప నా భుజానికి ఆని ఉంది. ఉన్నట్టుండి నా కళ్లముందు ఒక దృశ్యం మెదిలింది. మంగళవారం సంతలో నేను హెస్టర్‌కి తల ఊపుతున్నాను, ఆమె నాకు తల ఊపుతోంది, ఇద్దరికీ నోట్లో ఒక్క పన్ను లేదు. హడలిపోయాను.

"హెస్టర్..."

"బోల్టు పళ్లతో పట్టుకుని మాట్లాడకు. తీసి చెప్పు."

తీశాను. "నువ్వంటే నాకు చచ్చేంత ఇష్టం. నువ్వొస్తావని రోజూ గడ్డం గీసుకుంటున్నాను. గొర్రెలు కూడా గమనించాయి."

పైన రేకుల మీద వాన పడుతోంది. ఆమె చేతిలోని పానా కింద పెట్టింది.

"ఎంత పని చేశావు క్లెమ్!" అంది.

"ఇష్టం లేదా?"

"లేకపోతే గొడవే లేదు! సొంతవాళ్ల బండికి తనిఖీదారు సంతకం పెట్టకూడదు. సంఘం నియమం. ఎల్లుండి ఉత్తరం రాసి, సంతకం పెట్టి, పోస్టు డబ్బాలో వేసి, అక్కణ్ణుంచి నేరుగా నీ దగ్గరికొచ్చి నేనే చెబుదామనుకున్నాను. రెండురోజులు ఆగలేకపోయావా?"

"విననట్టు ఊరుకో."

"విన్నాను కదా."

"మరి తాతయ్య కళ్లు..."

"తెలుసు," అంది. "అందుకే ఏడుపొస్తోంది."

షాఫ్టు టక్కున లోపలికి దూరింది. ఇద్దరం ఆ సంగతే పట్టించుకోలేదు.

సంతకం పెట్టగలిగిన ఇంకొక తనిఖీదారు మూడు లోయల అవతల ఉంటాడు. ఫోను చేస్తే, గొర్రెలు పడగొట్టిన రాతిగోడ కట్టుకుంటున్నాననీ, అది పూర్తయ్యేదాకా రాజు గారు పిలిచినా రాననీ చెప్పి పెట్టేశాడు. తెల్లారేసరికి నేనూ హెస్టరూ ఆయన పొలంలో ఉన్నాం. నేను రాళ్లు మోశాను, ఆమె పేర్చింది. వంకరగా ఉందని ఆయన రెండుసార్లు పడగొట్టించాడు. పొద్దు గుంకే వేళకి గోడ లేచింది, నా నడుం పడిపోయింది. అన్నమాట ప్రకారం ఆయన మాతో వచ్చి, మా బండి కింద దూరి, నంబర్లన్నీ తడిమి చూశాడు.

"యాభై ఒకటి. నిఖార్సైన ఒకే బండి," అన్నాడు. "ఈ మాత్రానికి నేనెందుకు? నువ్వే రాసివ్వొచ్చుగా అమ్మాయ్?"

"నేను రాయకూడదండీ."

"ఏం?"

"వీడు నావాడు," అంటూ పెయింటు పోయిన పానా చూపించినట్టు నన్ను చూపించింది.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టాడు.

వరస కనుమ దాటే ఆదివారానికి ముందు, శుక్రవారం పోస్టులో నంబరు వచ్చింది. శనివారం ప్లేటు బిగించాం. ఆదివారం పొద్దున తాతయ్య కొత్త టోపీ పెట్టుకుని తన సీటు మీద కూర్చున్నాడు. అరవై ఏళ్ల తర్వాత మొదటిసారి, అది తన సీటే. నేనూ హెస్టరూ చెరో మడ్‌గార్డు మీద కూర్చున్నాం. వెనకాల సైలస్ తాత బండి. మలుపులన్నీ తాతయ్య చేతులకే తెలుసు.

కనుమ ఎక్కాక పక్కకు తీసి ఇంజను ఆపాడు. ఆ పూట వాన లేదు. అటు మా లోయ, ఇటు నాయనమ్మ లోయ, ఎండలో పచ్చగా ఉన్నాయి. ఆయన కళ్లు చిట్లించి అటూ ఇటూ చాలాసేపు చూశాడు. నాకు దుఃఖం ఆగలేదు.

"చాలురా," అన్నాడు తాతయ్య దిగుతూ. "దిగువకి నువ్వు తోలు. నేను సైలస్ బండిలో వస్తాను."

"ఇంకాస్త దూరం నడపొచ్చు కదా తాతయ్యా?"

"చూడాల్సింది చూశాను. ఇంకొక్కటే మిగిలింది." హెస్టర్ వైపు తిరిగాడు. "అమ్మాయ్, మీ పెళ్లేదో నా కంటికి మొహాలు ఆనేటప్పుడే కానివ్వండి. తర్వాతైతే ఎవరు పెళ్లికూతురో ఎవరు పాస్టరో నాకు తెలీదు."

"జూలై అంతా గడ్డి కోతలు కదా తాతగారూ," అంది హెస్టర్ ఆలోచిస్తూ.

"ఆగండాగండి," అన్నాను. "నేనింకా అడగనేలేదు."

"ఇంజను ఆపే ఉందిగా," అంది. "అడుగు."

అడిగాను.

"ఆగస్టు," అంది.