కణితి వెనక వైపు

“సాయంత్రంలోగా నన్ను గెంటేస్తారు సార్. రేపట్నుంచి ఆ మందు రోగులకి ఎక్కించేస్తారు!”

అంది డిటెక్టివ్ ఎదుట కూర్చున్న పరిశోధకురాలు. కణితి ముక్కల్ని మైక్రోస్కోపు కింద పొరలుపొరలుగా ఫొటోలు తీసి, కంప్యూటర్లో పేర్చి, ఎటు కావాలంటే అటు తిప్పి చూడగలిగే నిండు రూపం కట్టడం ఆమె పని. తన అక్క భర్త కనిపెట్టిన మందు కణితి లోతుకి దిగడం లేదని ఆమే తేల్చింది. అంతలో ప్రయోగశాల డైరెక్టరుకి ఆకాశరామన్న ఫిర్యాదు చేరింది, ఆమె ఫైల్లోంచి తీసిన ఒక బొమ్మతో సహా. అందులో ఒకే కణాల గుంపు రెండుచోట్ల ఉంది. దొంగ బొమ్మ!

డిటెక్టివ్ ఆమెతోనూ తన సహాయకురాలితోనూ వెంటనే ప్రయోగశాలకు బయలుదేరాడు.

“ఫిర్యాదు రాగానే ఫైలుకి తాళం వేశాను. అందరికీ చూపించింది ఈ కాగితమే,” అన్నాడు డైరెక్టరు. పైనుంచి చూసినట్టున్న చదును బొమ్మ అది.

ఫైలు తెరిచే హక్కు ఆమెకు కాక ఆపరేటరుకీ, ఆమె బావకీ మాత్రమే ఉంది. మైక్రోస్కోపు ఆపరేటరు మొహం చిట్లించాడు. “నాకు మిషను నడపడం వచ్చు గానీ, మనుషుల్ని ముంచడం రాదండీ.”

బావ మాత్రం నిట్టూర్చాడు. “నేనా ఫైలు తెరవనేలేదు. కాగితం మీద చూసిందే. చిన్నపిల్ల, తొందరపడింది. పైన అతికించింది చాలక రక్తనాళం వెనక కూడా అతికించింది. పోనీ, క్షమించి వదిలేయండి.”

డిటెక్టివ్ తల పంకించి, అందర్నీ పెద్ద తెర ముందుకు పిలిచాడు. “డైరెక్టరు గారూ, తాళం తీయండి. అమ్మా, పక్కకి తిప్పు.”

కణితి మెల్లగా తిరిగింది. మిగతా కణాలకు మందం ఉంది. ఆ గుంపు మాత్రం గోడకంటించిన కాగితంలా పల్చగా కనిపించింది.

“ఒక్క పొర మీదే అతికించారు. రోజూ లోతు చూసే మనిషి చేసే పనేనా ఇది? ఇంకా తిప్పు.”

రక్తనాళం వెనక అలాంటిదే మరో గుంపు బయటపడింది. సహాయకురాలు ఉలిక్కిపడి బావ వైపు చూసింది.

“కాగితంలో ఇది లేదు. రక్తనాళం కప్పేసింది,” అన్నాడు డిటెక్టివ్. “ఫైలు తెరవని పెద్దమనిషికి ఎలా తెలిసింది? ఈ రెండూ తీసేసినా, మందు అందక లోతున కణాలు బతికే ఉన్నాయి చూడండి. ఆ నిజం ఎవరూ నమ్మకూడదనే అతికించారు.”

బావ కుర్చీలో కూలబడ్డాడు. “నీకు ఇంకోచోట ఉద్యోగం చూసిపెడదామనుకున్నానమ్మా...”

“మరి రోగులకి?” అంది ఆమె.

డైరెక్టరు ఆసుపత్రికి ఫోన్ చేసి మందు ఆపించాడు. ఆమె కూడా వసారాలోకి వెళ్లి ఫోన్ తీసింది.

“అక్కా, కాస్త కూర్చో. ఎవరో చెప్పగా వినేకన్నా, నా నోటితోనే విను.”