మెత్తపట్టు

జాకీ మీద లేచి ఉన్న అంబులెన్సు చుట్టూ, టైర్ల అరుగుదల కొలిచే చారకన్ను ఒకసారి తిరిగి వచ్చి ఆగింది. ముందు టైర్లు రెండూ లోపలి అంచున గుండైపోయాయి. సత్యవేణి ఆ అంచు మీద బొటనవేలు రాసి చూసుకుంది. వేలికి నల్లటి పొడి అంటింది. దోర్నాల ఘాటు రోడ్డు మొదట్లో ఉన్న ఈ డిపోలో టైర్లు మార్చే పని ఆమెది. వానలు మొదలైనప్పటి నుంచీ సెలవు దొరకలేదు. వంగితే లేవడం కష్టంగా ఉంది, లేస్తే మళ్ళీ వంగబుద్ధి కావడం లేదు.

"ఇవి వేసి నెల కూడా కాలేదు కదా మస్తానూ."

"ఘాటులో తిప్పితే ఎన్నాళ్ళుంటయ్ అక్కా? మెత్తటివైతేనే రోడ్డును పట్టుకుంటయ్. పట్టుకున్నయ్యి అరక్క ఏం జేస్తయ్?"

అంబులెన్సు నడిపే మస్తాన్‌వలి గడప దగ్గరే నిలబడి వానకేసి చూస్తున్నాడు. కొండ మీద గూడెంలో ఒకామెకు పొద్దుటి నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందట. టైర్లు మారిస్తే తప్ప ఘాటు గేటు అతనికి తెరుచుకోదు.

అన్ని డిపోలకూ టైర్లు కేటాయించే యంత్రం వరణి గోడ మీది నుంచి పలికింది. "ఈ చోదకుడి అరుగుదల అధికం. గట్టిపట్టు కేటాయించాను."

టైర్ల పొడి వాననీటితో కొట్టుకుపోయి అడవి వాగుల్లో చేపలన్నీ వెల్లకిలా తేలిన ఏడాది, ఇంతకు మించి టైరు పొడి రాలకూడదని ప్రతి దారికీ ధూళివాటా పెట్టారు. వాటా నిండితే ఆ దారి మూతపడుతుంది. అందుకే ఏ బండికి ఏ టైరో వరణి ఎంచుతుంది. తక్కువ అరగదీసేవాళ్ళకు మెత్తపట్టు, ఎక్కువ అరగదీసేవాళ్ళకు గట్టిపట్టు. గట్టివి ఏళ్ళ తరబడి వస్తాయి గానీ తడి మలుపులో నిలవవు. ఆ పద్ధతి సత్యవేణికీ న్యాయంగానే తోచేది. ఆ వాగు నీళ్ళే ఆమె ఇంట్లో కుండలోకి వస్తాయి.

"గట్టియ్యి ఏసుకుని ఈ వానలో ఎట్టా ఎక్కేదక్కా? వెనక గట్టియ్యే ఉన్నయ్, మొన్న ఎండిన రోడ్డు మీదే చక్రం పక్కకు పోయింది."

"నిదానంగా పోలేవా?"

"పోతా. దిగేటప్పుడు గూడా నిదానంగా దిగమంటావా, ఆమెను వెనక పడుకోబెట్టుకుని?"

ఆమె గోదాము వైపు చూసింది. గోదాములో మెత్తపట్టు ఒక్క జతే ఉంది, రహదారి సంస్థ పెద్దాయన కారుకని పక్కన పెట్టింది. ఆ కారు షెడ్డు దాటి బయటికి రావడమే అరుదు. కదలదు కనుక అరగదు, అరగదు కనుక వరణి దృష్టిలో దానికే మొదటి హక్కు. ఇన్నాళ్ళూ ఆ కారుకు టైర్లు బిగిస్తూ కూడా ఆమె ఈ సంగతి ఆలోచించలేదు. ఆలోచించడానికి ఓపిక ఉండాలి.

సత్యవేణి లోపలికి వెళ్ళి ఆ జతను దొర్లించుకుంటూ వచ్చింది. రిమ్ములకు ఎక్కించి, నట్లు బిగించి, జాకీ దించింది. మస్తాన్‌వలి వెళ్ళి సీట్లో కూర్చున్నాడు.

"కేటాయింపుకు విరుద్ధం," అంది వరణి. "ఎంపిక ఎవరిది?"

మనిషి ఎంచుకునే వీలు మొదటి నుంచీ ఉంది. ఎవరూ వాడలేదు, ఎందుకంటే ఆ తర్వాత దారి మూతపడితే జనం తిట్టేది ఎంచినవాళ్ళనే.

"నాది."

"కారణం?"

"వాన పడుతోంది. పైన మనిషి ఉంది."

"ఈ కారణానికి నా దగ్గర కొలత లేదు," అంది వరణి. తర్వాత గేటు లేచింది.

గోడ తెర మీది ఘాటు బొమ్మలో అంబులెన్సు చుక్క ఒక్కో మలుపూ ఎక్కుతుంటే సత్యవేణి పీట మీద కూర్చుని చూసింది. చుక్క ఎక్కడా పక్కకు జరగలేదు. గూడెం దగ్గర ఆగింది, కాసేపటికి తిరిగి బయలుదేరింది, దిగువ మలుపులన్నీ దాటి ఆసుపత్రి దారి పట్టింది. వెంటనే మస్తాన్‌వలి గొంతు ఫోన్లో వినిపించింది. "దిగినామక్కా. తల్లి మాట్లాడతానే ఉంది." అప్పటికి గానీ ఆమె మంచినీళ్ళు తాగలేదు.

గ్లాసు దించేసరికి మార్కాపురం నుంచి పర్యవేక్షకుడు జనార్దన్ ఫోన్ చేశాడు.

"సత్యవేణిగారూ, ఏం చేశారండీ మీరు? ఏ డిపోలోనూ వరణి టైర్లు కేటాయించడం లేదు. ప్రతి డ్రైవర్నీ పైన ఎవరున్నారని అడుగుతోంది. ఏం చెప్పమంటారు వాళ్ళను?"

"ఎవరుంటే వాళ్ళ పేరు చెప్పమనండి."

"అందరికీ ఎవరో ఒకరు ఉంటారు కదండీ. ఉన్న మెత్తపట్టు ఎంతమందికి సరిపోతుంది? ధూళివాటా నిండితే ఘాటు మొత్తం మూసెయ్యాలి."

"తెలుసు సార్."

ఫోన్ పెట్టేశాక బయట హారన్ మోగింది. గేటు ముందు వరసగా బండ్లు ఆగి ఉన్నాయి. మొదటిది పాలవ్యాను. దాని డ్రైవరు తలుపు తెరిచి, గోడ మీది వరణి వైపు కాక ఆమె వైపు చూశాడు.

"ఏ రకం ఏస్తావమ్మా?"

సత్యవేణి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. ముందు చక్రం దగ్గర కూర్చుని, తడిసిన టైరు మీద అరచెయ్యి పెట్టింది.

"ఎందాకా పోవాలి నువ్వు?" అని అడిగింది.