నాన్న నీళ్ళు పోసినా పాప ఏడవదు

పదకొండు గంటల సీరియల్ వేళకి ఆ ఇంట్లో పనులన్నీ అయిపోవాలి. అంట్లు తోమడం, బట్టలు ఆరేయడం, పెద్దాయనకి గడ్డం గీయడం. గడ్డం గీసేటప్పుడు బుగ్గ పూరించి కూర్చోవడం మాత్రం ఆయన మరిచిపోలేదు. తక్కినవన్నీ చిల్లు సంచిలోంచి బియ్యం గింజల్లా ఒక్కొక్కటే జారిపోయాయి.

యాడ్ ఏజెన్సీలో ముప్పై ఏళ్ళు మాటలు రాసిన మనిషి. పేపరు రాగానే ఎర్ర పెన్సిలు తీసి ప్రకటనల్లో దండగ మాటలు కొట్టేసేవారు. పది మాటలున్న చోట మూడు మిగిల్చి, "ఇప్పుడు చదవండి" అనేవారు. పెన్సిలు ఇప్పుడూ పట్టుకుంటారు. కాకపోతే ఒక్క మాటా మిగలదు, పేజీ అంతా కొట్టేస్తారు.

ఆయనకి పేరు తెచ్చింది పసిపిల్లల సబ్బు. భార్య ఆస్పత్రిలో నర్సు. తెల్లారకముందే డ్యూటీకి పోయేది కాబట్టి పిల్లకి ఆయనే నీళ్ళు పోసేవారు. మొదటివారం ఆ పిల్ల వీధి వీధంతా లేచేలా ఏడ్చింది. పైవారం నవ్వింది. ఆ పూటే, చేతి తడి ఆరకుండా రాశారు: "నాన్న నీళ్ళు పోసినా పాప ఏడవదు." ఆ ఒక్క మాటతో సబ్బు ఇంటింటికీ చేరింది. ఆ పాపే ఇప్పుడు టీవీకి సీరియల్ రాస్తోంది, అదీ యాడ్ ఏజెన్సీల కథే. పులి కడుపున పులే పుట్టిందని మెచ్చుకోనివాళ్ళు లేరు.

ఆ రోజు పదకొండుకి పది నిమిషాలుండగా కూతురు వచ్చింది. వస్తూనే టీవీ పెట్టి, "నాన్నా, ఇవాళ ఎపిసోడు మీ పక్కన కూర్చుని చూద్దామని వచ్చాను" అంది.

"రండమ్మా. క్లయింటు తరఫునా?" అన్నారాయన మర్యాదగా.

ఆ ప్రశ్న ఆమెకి అలవాటే. "అవునండీ" అని కూతురు వంటింట్లోకి నడిచింది.

తల్లి పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తలెత్తలేదు.

"ఏమ్మా, మాట్లాడవేం?"

"ఇవాళ్టి ముక్క నిన్ననే కొంచెం చూపించారు, చూశాను. ముసలి రైటరు క్లయింటు ముందు నిలబడి సబ్బు పేరు మరిచిపోతాడు. అందరూ నవ్వుతారు. ఎక్కడిదే ఆ కథ?"

కూతురు ఓ చిక్కుడుకాయ అందుకుంది. "సీరియలన్నాక ఎక్కణ్ణించో తెచ్చుకోవాలిగా."

"ఎక్కణ్ణించో కాదు, ఈ పీట మీంచి తెచ్చుకున్నావు. ఉద్యోగం మానేసిన రోజు ఆఫీసులో ఏం జరిగిందో ఆయన నాకొక్కదానికే చెప్పారు. మూడేళ్ళు కడుపులో దాచుకుని, పోయినేడు డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పిన రోజు, తట్టుకోలేక ఇక్కడే కూర్చుని నీ దగ్గర ఏడ్చాను. కన్నకూతురివి కదా అనుకున్నాను. రైటరువని మరిచిపోయాను."

"నేను నాన్నని ఎగతాళి చెయ్యలేదమ్మా. చూసేవాళ్ళు ఆయన కోసం ఏడుస్తారు."

"వాళ్ళు ఏడిస్తే నాకేం ఒరుగుతుందే? ఈయన గుర్తుపడితే? అన్నీ పోయి ఆ సిగ్గొక్కటే గుర్తొస్తే?"

"మాట రాక నిలబడిపోయారని నువ్వేగా చెప్పావు. ఉన్నదే రాశాను."

"సగమే చెప్పాను."

"మిగతా సగం ఏంటి?"

"దాన్నీ రాసుకుంటావా?"

అంతలో హాల్లోంచి సీరియల్ పాట వినబడింది. ఇద్దరూ పరుగున వెళ్ళారు. తల్లి దిండ్ల కింద రిమోటు వెతికి పట్టుకునేసరికే తెర మీద పొడుగాటి బల్ల, చుట్టూ కోట్లు వేసుకున్న మనుషులు, చివర సబ్బుపెట్టె పట్టుకుని ముసలి రైటరు. "ఈ సబ్బు పేరు..." అని ఆగిపోయాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. వెనకే అందరూ.

పెద్దాయన కుర్చీలో ముందుకు వంగారు. తడబడే పిల్లాడికి పద్యం అందించినట్టు, మెల్లగా అన్నారు.

"గువ్వ. గువ్వ అనవయ్యా. నవ్వేవాళ్ళని నవ్వనీ."

కూతురు నిలబడ్డచోటే బిగుసుకుపోయింది. గువ్వ ఆమె ముద్దుపేరు. అలా పిలిచే మనిషి ఆయనొక్కరే. పిలిచి ఏడాది దాటింది.

"అదేనే మిగతా సగం" అంది తల్లి, రిమోటు పక్కన పెట్టి. "మాట రాకపోవడం కాదు. పెట్టె పట్టుకుని, దీని పేరు గువ్వ అన్నారట. ఎన్నిసార్లు అడిగినా అదే. ఆ సబ్బు చూస్తే ఆయనకి తట్టింది నువ్వే. ఇంటికొచ్చి నాతో ఒకే మాట అన్నారు. 'అమ్మాయికి చెప్పకు. తన పేరు విని అందరూ నవ్వారంటే చిన్నబుచ్చుకుంటుంది' అని."

కూతురు తండ్రి కాళ్ళ దగ్గర కూలబడింది. "నాన్నా, గువ్వని నేనే."

ఆయన ఆ మొహంలోకి చాలాసేపు చూశారు. "మీరు కాదమ్మా" అన్నారు జాలిగా. "మా గువ్వ ఇంతే ఉంటుంది." పసిబిడ్డని పడుకోబెట్టుకున్నట్టు మోచెయ్యి చాచి చూపించారు. "ఏడవకండి. పాపం ఆ పెద్దాయనకి పేరు అందించే మనిషి లేకపోయాడు, అంతే."

తల్లి వచ్చి పక్కనే నేల మీద కూర్చుంది. చిక్కుడుకాయల వాసన పోని అరచేత్తో కూతురి కళ్ళు తుడిచింది.

కాసేపటికి కూతురు సంచిలోంచి వచ్చేవారం ఎపిసోడు కాగితాలు తీసి తండ్రి ఒళ్ళో పెట్టింది. ఎర్ర పెన్సిలు లేచింది. ముసలి రైటరు తల దించుకోవడం, క్లయింటు వెక్కిరింత, కుర్రకారు నవ్వులు, అన్నీ వరసగా కొట్టేశారు. పేజీలో ఏదీ మిగల్లేదు. ఆమె అడుగున ఖాళీలో రెండే అక్షరాల మాట ఒకటి రాసి మళ్ళీ ఆయన ముందుంచింది.

పెన్సిలు ఆ మాట మీదికి వచ్చి ఆగింది. ఆయన పెదవులతో కూడబలుక్కున్నారు.

"ఇది ఉండనివ్వండమ్మా" అన్నారు. "దండగ మాట కాదు."