పడమటి షెడ్డు

...మనిషిని తెల్లమచ్చగా మార్చి చూపించడానికి ఇంత తెలివి ఖర్చుపెట్టారు. ఆ మచ్చ ఎవరో కనుక్కోవడానికి మాత్రం అందులో పిసరంత కూడా మిగుల్చుకోలేదు... అనుకుంటున్నాడు ఫణికుమార్.

సరిగ్గా అప్పుడే స్క్రీన్ బిగుసుకుపోతుంది!

తెల్లమచ్చలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి.

"వీడియో పోయింది!" ముందు కుర్చీలోంచి డ్రోన్ పైలట్ అరుపు.

చీకటి గదిలో తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరుగుతాయి. చివరి బల్ల వైపు. ఫణి వైపు.

ఇప్పుడు గుర్తొచ్చాను వీళ్ళకి!

"ఎంతసేపు?" కర్నల్ హార్లన్ గొంతు.

"వస్తోంది సార్."

"వస్తోంది అంటే నాకర్థం కాదు."

నీకర్థం కానివి చాలానే ఉన్నాయి. ఫణి వేళ్ళు కీబోర్డ్ మీద పరిగెడతాయి. ఒక ప్రోగ్రాం ఆపుతాడు. మళ్ళీ మొదలుపెడతాడు. ఊహూఁ... ఇంకోసారి...

పక్క కుర్చీలోంచి జితేందర్ తెలుగులో గుసగుస. "అన్నా, జెల్ది! ఆయన మొఖం చూడు. కుక్కర్ సీటీ కొట్టేటట్టున్నది."

"నోర్ముయ్."

బొమ్మ కదులుతుంది!

థాంక్స్ లేదు. తలలన్నీ మళ్ళీ ముందుకి తిరుగుతాయి. కుళాయి బాగుచేసినవాడిని కూడా ఇంతకంటే మర్యాదగా సాగనంపుతారు.

స్క్రీన్ మీద అర్ధరాత్రి. ఇరాక్‌లో పాడుబడిన ఇటుకల బట్టీ. ఇక్కడ, నార్త్ కరోలినాలో, ఇంకా ఎండ తగ్గని సాయంత్రం. గంట దూరంలో, క్యారీలో, అలేఖ్య పాపని స్విమ్మింగ్ క్లాస్ నుంచి ఇంటికి డ్రైవ్ చేస్తూ ఉంటుంది. మొగుడు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ చూస్తున్నాడనుకుంటుంది. అబద్ధమేం కాదు. ఆ సాఫ్ట్‌వేర్‌లోంచి యుద్ధం కనపడుతుంది, అంతే. మొదలై ఐదో ఏడు.

బట్టీలో రెండు షెడ్లు.

తూర్పు షెడ్డులో ముగ్గురు అమెరికన్ సోల్జర్లు బందీలుగా ఉన్నారు. పడమటి షెడ్డులో కాపలావాళ్ళు పడుకుంటారు. ఇదీ ఈ గదికి తెలిసిన సంగతి. ఇవాళ మధ్యాహ్నం అక్కడ ఇసుకగాలి లేచి కాసేపు కెమెరాకి ఏం కనపడలేదు.

ప్లాన్ సింపుల్. హెలికాప్టర్లు బయల్దేరాయి. అవి దిగేముందు పైన తిరుగుతున్న డ్రోన్ పడమటి షెడ్డు మీద మిసైల్ వదులుతుంది. కాపలావాళ్ళు నిద్రలోనే పోతారు. అప్పుడు తూర్పు షెడ్డులో దూరి తమ ముగ్గురినీ ఎత్తుకొస్తారు.

అది మామూలు జైలు కాదు. నిన్న మిట్టమధ్యాహ్నం పడమటి షెడ్డులోంచి ఒకడిని ఈడ్చుకొచ్చి పొగగొట్టానికి కట్టేశారు. పొద్దు గూకేదాకా కట్టే ఉంచారు. వీడియో చూసి కర్నల్ బబుల్‌గమ్ నములుతూ తేల్చేశాడు... "వాళ్ళలో వాళ్ళు శిక్షించుకుంటున్నారు. మనకి పని తగ్గిస్తున్నారు."

అందరూ నవ్వారు. ఫణి కూడా నవ్వాడు.

ఆ నవ్వు గుర్తొస్తే నోరు చేదెక్కుతుంది. వీళ్ళంటే చులకన తనకి. పక్కనున్న జితేందరన్నా చులకనే. కానీ ఎవరు నవ్వినా వెంటనే నవ్వేది తనే. ఆ నవ్వేవాడంటే ఉన్న అసహ్యం ముందు మిగతావన్నీ ఎంత?

"మా పెద్దనాయన కొడుకు కువైట్‌ల మిలిటరీ క్యాంపుకి వంట మాస్టర్ అన్నా," జితేందర్‌కి ఊరికే కూర్చోవడం చేతకాదు. "పప్పు చేస్తే సోల్జర్లు లైన్ కడ్తరంట."

"పప్పు వండడానికి అంత దూరం పోవాలా? అదొక బతుకా?"

"నీకు సిటిజెన్‌షిప్ తోటి ముక్కు గూడ పైకి లేచింది అన్నా."

"మూవ్‌మెంట్!"

కెమెరా నడిపే అమ్మాయి గొంతు. గదిలో గుసగుసలు ఆగిపోతాయి.

పడమటి షెడ్డు తలుపు తెరుచుకుంటుంది. నాలుగు తెల్లమచ్చలు బయటికి వస్తాయి. మెల్లగా. కాళ్ళు ఈడ్చుకుంటూ. గోడ పక్కన చతికిలబడతాయి.

"కాపలావాళ్ళు. నిద్రమత్తులో ఉన్నారు," అంటాడు కర్నల్. "మంచిది."

ఒక మచ్చ చేతిలో ఏదో ఉంది. సీసా.

"దగ్గరికి లాగు."

అమ్మాయి వేళ్ళు కదులుతాయి. మచ్చలకి తలలు వస్తాయి. చేతులు వస్తాయి.

మొదటివాడు తల పూర్తిగా వెనక్కి వాలుస్తాడు. సీసా పైకెత్తుతాడు. మూతికీ సీసాకీ మధ్య జానెడు ఖాళీ. గొంతులోకి పోసుకుంటాడు. పక్కవాడికి ఇస్తాడు.

రెండోవాడు అచ్చం అలాగే. తల వెనక్కి... సీసా పైకి... జానెడు ఖాళీ.

మూడోవాడు సీసా నోట్లో పెట్టుకుని గటగటా తాగేస్తాడు.

నాలుగోవాడు సీసా అందుకుంటాడు. ఆగుతాడు. చొక్కా అంచుతో సీసా మూతి తుడుస్తాడు. శ్రద్ధగా. రెండుసార్లు. అప్పుడు పైకెత్తుతాడు.

ఫణి ముందుకి వంగుతాడు.

ఎంగిలి!

"అన్నా..." జితేందర్ గొంతు మారిపోయింది. "చూసినవా?"

"ఏం చూడలేదు."

"నా మీద ఒట్టేసి చెప్పు."

ఫణి కుర్చీ స్క్రీన్ వైపు జరుపుకుంటాడు.

"మనోళ్ళన్నా వాళ్ళు! కాపలావాళ్ళు గాదు. వంటకో, లారీలు నడపనీకో వచ్చి దొరికిపోయిన్రు. నిన్న పొగగొట్టానికి కట్టేసింది గూడ మనోన్నే!"

"నేపాలీలు కావచ్చు."

"అయితే? నేపాలోన్ని కాలిస్తే కాలడా?"

ఫణి స్క్రీన్ వైపే చూస్తుంటాడు. కాళ్ళు ఎందుకు ఈడుస్తున్నారో ఇప్పుడర్థమైంది. గొలుసులు. చల్లటి ఇనుము ఈ కెమెరాకి కనపడదు. వెచ్చటి ఒళ్ళే కనపడుతుంది. గొలుసులున్నాయి కాబట్టే కాపలా లేకుండా బయటికి వదిలారు.

"చెప్పన్నా!"

"నువ్వే చెప్పు."

"నా ఇంగ్లిష్ వింటే ఆయన నవ్వుతడు. నువ్వు జెప్తే వింటడు. టైం లేదన్నా!"

నిజంగా లేదు. "ఆయుధం రెడీ," అంటున్నాడు పైలట్. హెలికాప్టర్లు నది దాటాయి.

చెప్పాలి. ఏమని? ఇండియన్లు ఉన్నారనా? ఫణికి ఈ గది తెలుసు. కర్నల్ ఒక్క క్షణం కనుబొమ్మలు ముడుస్తాడు. 'దురదృష్టం' అంటాడు. ఆ మాట బల్ల మీద పెట్టి మిసైల్ వదిలేస్తాడు. తన ముగ్గురి కోసం ఎవరినైనా ఇచ్చేస్తాడు.

మరైతే మూడోవాడు?

సీసా నోట్లో పెట్టుకున్నవాడు... వాడు కాపలావాడా?

కాదు! కాపలావాడి కళ్ళముందు ఖైదీ సీసా తుడవడు. పళ్ళు రాలగొడతారు. వాడూ ఖైదీయే. మనవాడు కాని ఖైదీ. ఎంగిలంటే ఏంటో తెలీని ఖైదీ.

అమెరికన్!

నూటికి నూరుపాళ్ళూ తెలుసా? తెలీదు. తప్పయితే? కాపలావాళ్ళు లేస్తారు. దిగే సోల్జర్లని కాల్చేస్తారు. ఆ చావులు ఫణికుమార్ ఖాతాలో. ఉద్యోగం పోతుంది. జైలు కూడా కావచ్చు. పాప...

కాళ్ళు కుర్చీకి అతుక్కుపోతాయి. మనసు చకచకా సాకులు అందిస్తుంది. ఎంత మంచి పనివాడు ఈ మనసు! పిరికితనానికి క్షణంలో కోటూ టై తొడిగేస్తుంది.

"లేజర్ ఆన్," అంటుంది కెమెరా అమ్మాయి. మిసైల్‌కి గురి కుదిరింది.

నాలుగు మచ్చలూ లేచి లోపలికి పోతున్నాయి. మూడోవాడు తూలుతాడు. నాలుగోవాడు వాడి భుజం కింద చెయ్యి వేస్తాడు.

సీసా తుడిచిన చెయ్యే.

"ఆపండి!"

ఎవరిదా అరుపు? తనదే! కుర్చీ వెనక్కి పడిపోయింది.

"కర్నల్, ఆపండి! పడమటి షెడ్డులో మీ సోల్జర్ ఉన్నాడు!"

"కూర్చో."

"ఆ మూడోవాడు మీవాడు సార్!"

"మా వాళ్ళు తూర్పు షెడ్డులో ఉన్నారు."

"మధ్యాహ్నం ఇసుకగాలి లేచినప్పుడు మీకేం కనపడలేదు. అప్పుడు వాళ్ళని ఇటు మార్చుంటారు."

"నీకెలా తెలుసు?"

"నీళ్ళు తాగిన తీరు చూసి సార్."

ఎవరో కిసుక్కుమంటారు.

"నీళ్ళు..." కర్నల్ బబుల్‌గమ్ నమలడం ఆపుతాడు. "వీడిని బయటికి తీసుకెళ్ళండి."

గుమ్మం దగ్గరి గార్డు కదులుతాడు.

ఎంగిలికి ఇంగ్లిష్‌లో ఏమంటారు? ఉమ్మి? కాదు. క్రిములు? అస్సలు కాదు! ఇన్నేళ్ళు నేర్చుకున్న ఇంగ్లిష్ అంతా వెతికినా ఆ ఒక్కమాట లేదు.

ఫణి రెండంగల్లో ముందుకి వస్తాడు. కర్నల్ ముందున్న నీళ్ళసీసా లాక్కుంటాడు. సగం తాగి పెట్టింది.

దాని మూతి తన చొక్కాతో తుడుస్తాడు. కర్నల్ కళ్ళలోకి చూస్తూ. రెండుసార్లు.

తల వెనక్కి వాలుస్తాడు.

అమెరికా వచ్చిన కొత్తలో, షామ్‌బర్గ్‌లో మొదటి ఉద్యోగం. మీటింగ్‌లో ఇలాగే తాగితే మేనేజర్ అన్నాడు, "పైకప్పు కారుతోందా?" ఆ రాత్రి వంటగదిలో ఒక్కడే నిలబడి సీసా పెదవులకి పెట్టుకోవడం ప్రాక్టీస్ చేశాడు. ఒంటికి పట్టేదాకా చేశాడు.

గొంతు మర్చిపోయి ఉంటుందా?

పోస్తాడు.

సన్నటి ధార. తిన్నగా గొంతులోకి. పెదవికి చుక్క తగలదు.

"మావాళ్ళు ఇలా తాగుతారు. ముగ్గురు ఇలాగే తాగారు. మీరు అలా తాగుతారు. ఒకడు అలా తాగాడు. వాడు తాగాక పక్కవాడు సీసా తుడిచాడు. కాపలావాడు తాగితే తుడిచే ధైర్యం ఉంటుందా సార్? రివైండ్ చేసి చూడండి!"

అమ్మాయి పక్క స్క్రీన్‌లో రివైండ్ చేస్తుంది. అది చూస్తుంది. ఫణిని చూస్తుంది.

"సార్... సేమ్. అచ్చం ఇలాగే."

"వదలమంటారా సార్?" పైలట్ వేలు బటన్ మీద ఉంది.

కర్నల్ పక్క స్క్రీన్ వైపు వంగుతాడు.

"...ఆగు."

పైలట్ వేలు తీస్తాడు, గార్డూ నిలబడిపోతాడు.

హెలికాప్టర్లు దిగుతాయి.

తూర్పు షెడ్డులోంచి తెల్లటి మెరుపులు! తుపాకులు! కాపలావాళ్ళు అక్కడున్నారు! స్క్రీన్ నిండా దుమ్ము. మచ్చలు మచ్చల్లోకి దూసుకుపోతాయి. ఏది ఎవరో తెలీదు. ఒకటి పడుతుంది. ఇంకొకటి. ఎప్పుడొచ్చాడో, పక్కన నిలబడ్డ జితేందర్ వేళ్ళు ఫణి ముంజేతిలో దిగబడతాయి.

రేడియో గరగరలాడుతుంది.

"పడమర! మనవాళ్ళు పడమరలో ఉన్నారు! ముగ్గురూ! ముగ్గురూ బతికే ఉన్నారు!"

గది ఒక్కసారి పేలుతుంది. చప్పట్లు, ఈలలు. ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుంటారు. కర్నల్ బల్ల మీద గుద్దుతాడు.

"నా మనసు మొదటినుంచీ చెప్తూనే ఉంది!"

అబ్బో. ఆ మనసుకి నోరొచ్చింది ఇప్పుడే కాబోలు!

రేడియో మళ్ళీ. "సార్, ఇక్కడ ఇంకా కొంతమంది ఉన్నారు. ఇండియన్స్ అంటున్నారు. కాళ్ళకి గొలుసులు. ఒళ్ళంతా దెబ్బలు. ఒకడు నడవలేడు. వీళ్ళనేం చేయమంటారు?"

"మన పని ముగ్గురితో అయిపోయింది."

"హెలికాప్టర్‌లో చోటుంది సార్."

"నీకిచ్చిన ఆర్డర్‌లో వాళ్ళున్నారా?"

"లేరు సార్. కానీ రోడ్డు మీద ట్రక్కులు వస్తున్నాయి. వీళ్ళని ఇక్కడ వదిలేస్తే..."

"వదిలేసి రా."

ఎంత మామూలుగా అన్నాడు! ప్లేట్‌లో మిగిలిన అన్నం సంగతి చెప్పినట్టు.

గదిలో ఇంకా ఎవరో నవ్వుతున్నారు. జితేందర్ నవ్వడంలేదు. ఎప్పుడూ ఆడే నోరు ఇప్పుడు ఉత్తినే కదులుతోంది.

ఫణికి కోపం రాదు. విచిత్రం. కోపం రావాలంటే ఎదుటివాడి మీద కాస్తయినా నమ్మకం ఉండాలి. ఇది వేరే. తేటగా, చల్లగా ఉంది. జీవితంలో మొదటిసారి ఆ చులకన తన వైపు తిరగలేదు.

ఇతన్ని బతిమాలి లాభం లేదు. న్యాయం చెప్పి లాభం లేదు. ఇతను దేనికి భయపడతాడు?

ఈ గదిలో ప్రతిమాటా రికార్డ్ అవుతుంది. రూల్. ఆ రికార్డింగ్ నడిపేది చివరి బల్ల.

ఫణి వంగుతాడు. కర్నల్ బల్ల మధ్యలో ఉన్న మైకుని రెండు వేళ్ళతో పట్టుకుంటాడు. మెల్లగా జరుపుతాడు. కర్నల్ నోటి దగ్గరికి.

"సార్, ఆడియో సరిగ్గా పడలేదు. ఎవరిని వదిలేయమన్నారో ఇంకోసారి చెప్పండి. మీ పేరుతో సహా."

నవ్వు ఆగిపోతుంది.

కర్నల్ మైకుని చూస్తాడు. ఫణిని చూస్తాడు.

"సార్?" రేడియో. "ట్రక్కుల లైట్లు కనపడుతున్నాయి! ఏం చేయమంటారు?"

కర్నల్ చూపు మైకు మీదే.

"...ఎక్కించు."

"ఎంతమందిని సార్?"

"అందర్నీ!"

స్క్రీన్ మీద ఒక తెల్లమచ్చ ఇంకో మచ్చని వీపున వేసుకుని పరిగెడుతుంది. దాని వెనక ఇంకొకటి. ఇంకొకటి...

చివరి మచ్చ ఎక్కేదాకా ఫణి మైకు మీంచి వేళ్ళు తీయడు.