మూగబోయిన పీపాలు

"మా నాన్నను నేనే చంపానేమో తేల్చి చెప్పండి" అంది ఆ అమ్మాయి, కూర్చోకుండానే.

డిటెక్టివ్ లార్తిగ్ దగ్గరికి వచ్చేవాళ్ళు హంతకుణ్ణి పట్టుకోమంటారు. హంతకురాలు తానేనేమో చూడమన్న మనిషిని అసిస్టెంట్ నినెత్ ఎన్నడూ చూడలేదు.

వచ్చినామె పేరు ఒడీల్. తండ్రి ఆన్సెల్మ్, తియ్యటి వైన్‌కి పేరుపడ్డ ఫ్రెంచి సీమ సొతెర్న్‌లోని బెల్‌రివ్ ద్రాక్షతోటలో, వైన్ పీపాల కొట్టుకి పెద్ద. నిన్న తెల్లారేసరికి ఆ కొట్టులోనే చనిపోయి ఉన్నాడు. ద్రాక్షరసం పులిసి పొంగేటప్పుడు పుట్టే విషగాలి నేలబారున పేరుకుంటుంది కనుక అక్కడ కిటికీలు తెరిచి ఉంచాలి. అది ఒడీల్ పని. నిన్న మాత్రం అన్నీ మూసి ఉన్నాయి.

"తెరిచినట్టే గుర్తండీ. కానీ అందరూ మరిచిపోయావంటుంటే, నా మీద నాకే నమ్మకం పోయింది."

"ఒంటి మీద గాయాలేమైనా?" అన్నాడు లార్తిగ్.

"తల వెనక దెబ్బ. గాలికి స్పృహ తప్పి పడ్డప్పుడు తగిలిందన్నారు డాక్టరుగారు. ఒళ్ళు నేనే కడిగాను. గోళ్ళలో సుద్దపొడి... ఎంత రుద్దినా పోలేదు."

బెల్‌రివ్‌లో యజమాని ఆర్మాన్ ఎదురొచ్చాడు. తండ్రి పోయి ఏడాది తిరగలేదు, అతని చేతి మీద ఇదే మొదటి పంట. "ఆన్సెల్మ్ మామ నన్ను ఎత్తుకుని పెంచాడు" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. "ఒడీల్‌ని పల్లెత్తు మాట అనొద్దని అందరికీ చెప్పానండీ. పాపం, అలసిపోయి మరిచిపోయింది."

కోత కూలీల మేస్త్రీ కజెనవ్ తోటలోనే దొరికాడు.

"పంట ఎలా ఉంది?" అన్నాడు లార్తిగ్.

"ఏం పంట లెండి! పండుకి మంచి రకం బూజు పడితేనే రసం తేనెలా చిక్కబడేది. ఈసారి వానలు కొంప ముంచాయి, బూజుకి బదులు కుళ్ళు పట్టింది."

"ఆన్సెల్మ్ ఏమన్నాడు?"

"ఆయనా? రాయి చేతైనా మాట్లాడించొచ్చు, ఆయన చేత కాదు. పనికిరాని పీపా మీద సుద్దతో గీత కొట్టేవాడు. గీత పడిందా, ఆ పీపాలో వైన్‌ని తోట పేరుతో సీసాల్లో నింపరంతే. ఆర్మాన్ వాళ్ళ నాన్న ఉన్నప్పుడూ అదే ఆనవాయితీ."

కొట్టులో ఆన్సెల్మ్ పడి ఉన్న చోట ఇత్తడి పళ్ళెం ఉంది. అందులో గడ్డకట్టిన మైనం తప్ప కొవ్వొత్తి మిగల్లేదు.

"కొవ్వొత్తి లేకుండా మేమెవరం లోపలికి రామండీ" అంది ఒడీల్. "నేల మీద పెడతాం. విషగాలి తగిలితే అది ఆరిపోతుంది, ఆరిందంటే బయటికి పరుగే. ఇది నాన్న పక్కనే ఉంది."

లార్తిగ్ ఒక్కొక్క పీపాకీ చెవి ఆనించి, నినెత్‌ని కూడా వినమన్నాడు. ఆమెకు ఏ చప్పుడూ వినిపించలేదు. వేళ్ళకు మాత్రం చెమ్మ తగిలింది. పీపాల ముఖాలన్నీ కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం లార్తిగ్ పోలీసు అధికారితో సహా అందరినీ ఆ కొట్టుకే పిలిపించాడు. లోపల అడుగు పెట్టగానే ఒడీల్ కెవ్వుమంది. "అయ్యో, కిటికీలు మూశారేమండీ!"

"నిన్నటి నుంచీ మూసే ఉంచానమ్మా" అన్నాడు లార్తిగ్. " అటు చూడు."

నేల మీద కొవ్వొత్తి నిశ్చలంగా వెలుగుతోంది.

"మీ నాన్న పక్కనున్న కొవ్వొత్తి కూడా అడుగంటా కాలింది. విషగాలే ఉంటే ముందు ఆరాల్సింది అదే. మంచి ఏడాదిలో ఈపాటికి పీపాలు బుసబుసలాడతాయి, ఇవి మూగబోయాయి. ఈ రసం పొంగడం ఎప్పుడో ఆగిపోయింది. కిటికీలు నువ్వు తెరిచావు, వేరొకరు మూశారు. మూసినా తెరిచినా ఇక్కడ ఎవరూ చావరు."

"మరి నాన్న ఎలా పోయాడు?" అంది ఒడీల్.

"రసం చచ్చిపోయిందని ఆన్సెల్మ్‌కి తెలుసు. అన్నిటి మీదా గీత కొట్టాడు. సుద్ద ఆయన గోళ్ళలో మిగిలింది, పీపాల మీద మాత్రం తడిగుడ్డతో తుడిచేశారు. ఎవరికి గిట్టవు ఆ గీతలు? కోత అయ్యాక కజెనవ్ మరో తోటకి పోతాడు. సీసా మీద తోట పేరు పడకపోతే పరువు పోయేది ఒక్కరికే." లార్తిగ్ ఆర్మాన్ వైపు తిరిగాడు. "శవాన్ని ఇక్కడ పడుకోబెట్టి, కిటికీలు మూసి, వాడుక ప్రకారం కొవ్వొత్తి వెలిగించి వెళ్ళారు. గాలి నిండి అదే ఆరిపోతుందనుకున్నారు. వైన్ పోయిందని ఆయన చెప్పినా మీరు నమ్మలేదు. నమ్మి ఉంటే, విషగాలి పుట్టదని తెలిసి, కొవ్వొత్తిని అలా వెలుగుతూ వదిలి వెళ్ళేవారు కాదు."

ఆర్మాన్ ఒప్పుకున్నాడు. "చంపాలనుకోలేదు. నాన్న పోయిన ఏడాదే తోట పేరుతో సీసా రాకపోతే లోకం నవ్వదా? ఒక్క పీపా అయినా వదలమని కాళ్ళావేళ్ళా పడ్డాను. వినలేదు. సుద్ద లాక్కోబోతూ తోశాను, తూలి గడప రాయి మీద పడ్డాడు."

ఒడీల్ అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"తోసింది కోపంలో తోశావు. అది దేవుడు చూసుకుంటాడు. కానీ నాన్న ఒళ్ళు కడుగుతూ, నా వల్లే పోయావు నాన్నా, నన్ను క్షమించమని నేను ఏడుస్తుంటే, నువ్వు గుమ్మంలోనే ఉన్నావు ఆర్మాన్. అంతా విన్నావు. విని, దగ్గరికొచ్చి నా భుజం తట్టావు."

ఆర్మాన్ చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు.