నానని పడవ

మే పద్నాలుగు, మంగళవారం. ఉదయం పదకొండూ ఐదుకి టమరాక్ సరస్సులోంచి వెండెల్ క్రాస్బీ శవాన్ని బయటికి తీశారు.

వయసు డెబ్బై తొమ్మిది. చేతికి కీ ఇచ్చే పాతకాలపు వాచీ. అది తొమ్మిదీ ముప్పై రెండు దగ్గర ఆగిపోయింది.

ఆయన పడవ పేరు మేరిగోల్డ్. 1928లో మహాగని కర్రతో కట్టింది. నాలుగు మీటర్ల లోతున బురదలో కూర్చున్నదాన్ని మర్నాడు క్రేన్‌తో లాగారు. డిటెక్టివ్ సార్జెంట్ ఇంగ్రిడ్ మాకీ దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఎక్కడా చిల్లు లేదు. రాయి గీసుకున్న గుర్తు లేదు. అడుగున నీళ్లు వదిలే ప్లగ్ బిగించే ఉంది.

మరి ఎలా మునిగింది?

"నన్నడగండి, చెప్తాను," అన్నాడు ఫెర్గస్ డన్స్‌మోర్. పాత చెక్కపడవల క్లబ్బుకి ఆయన ప్రెసిడెంటు. కోపంతో ముఖం కందగడ్డలా ఉంది. "పోయిన చలికాలం దీనికి కొత్త అడుగు వేసింది ఒమర్ టర్కాట్. దొంగపని చేశాడు. మా వెండెల్‌ని పొట్టన పెట్టుకున్నాడు."

"కొత్త అడుగు వేశాడని ఎవరన్నారు?"

"ఎవరో అనడమేంటండీ? వెండెలే రాశాడు. ఇదిగో, అచ్చులో!"

క్లబ్బు పత్రిక 'వార్నిష్', వసంత సంచిక, పదకొండో పేజీ. ముప్పై ఏళ్లుగా దాని ఎడిటర్ వెండెలే. వ్యాసం కింద ఆయన పేరే ఉంది. "ఈ చలికాలం ఒమర్ మా మేరిగోల్డ్‌కు అడుగంతా మార్చాడు. పలకల మధ్య కొత్తరకం జిగురు పెట్టాడు. ఇక నానబెట్టనక్కర్లేదు. దించిన రోజే తిప్పుకోవచ్చు."

ఆ సరస్సు చుట్టుపక్కల పిల్లలకి కూడా తెలుసు. చలికాలమంతా ఒడ్డున పడుకున్న చెక్కపడవ ఆరిపోతుంది. పలకలు కుంచించుకుపోయి మధ్యన సందులు పడతాయి. వసంతంలో దాన్ని బెల్టుల మీద నీళ్లలోకి దించి, మూడు రోజులు అలాగే వేలాడనివ్వాలి. పలకలు నీళ్లు తాగి ఉబ్బి, సందులు మూసుకున్నాకే ఇంజను స్టార్ట్ చేయాలి. కొత్త జిగురు అడుగులకు మాత్రం ఈ తంటా లేదు.

"ఇందులో తప్పు పడి ఉండొచ్చుగా?"

"వార్నిష్‌లోనా? పడితే తర్వాతి సంచిక రెండో పేజీలో సవరణ వేసేవాడు. తప్పు ఎవరిదో పేరుతో సహా. ఓసారి నా పేరే వేశాడు. మూడు నెలలు వాడితో మాట్లాడలేదు." ఫెర్గస్ పత్రిక మూసేశాడు. "ఆ మూడు నెలలు ఇప్పుడెవరిస్తారు నాకు?"

ఒమర్ టర్కాట్ షెడ్డు బోసిగా ఉంది. రెండు రోజుల్లోనే మూడు కుటుంబాలు తమ పడవల్ని తీసుకుపోయాయి. నలభై ఏళ్లుగా పడవలు బాగుచేసి సంపాదించుకున్న పేరు పోతోంది. ఫైలు ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళితే జైలు కూడా తప్పదు.

"అడుగు మార్చారా?" అడిగింది మాకీ.

"లేదు."

"మార్చారని ఆయనే రాశారు."

"ఎందుకు రాశాడో నాకేం తెలుసమ్మా? నవంబర్లో వచ్చి, ఈ ఏడు వద్దురా, పాత అడుగుతోనే ఇంకో వేసవి తిరుగుతానన్నాడు. సరే అన్నాను. పైన రంగు కొట్టి ఏప్రిల్లో పంపేశాను."

"కాగితమేదైనా ఉందా?"

"వాడికీ నాకూ మధ్య కాగితాలేంటి?"

"మరి పత్రిక చూసి, ఇది తప్పని చెప్పలేదేం?"

ఒమర్ బల్ల మీదికి చూపించాడు. రంపం పక్కన వార్నిష్ వచ్చిన పోస్టు కవరు. ఇంకా చింపలేదు.

"శుక్రవారం వచ్చింది. ఆదివారం తీరిగ్గా చదువుదామనుకున్నాను. సీజను కదమ్మా, తీరిక చిక్కలేదు." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఆ కవరు చింపి ఉంటే వాడు బతికేవాడు."

మాకీ కవరు మీద తపాలా ముద్ర చూసింది. "అడుగు చూస్తే పాతదో కొత్తదో తెలియదా?"

"ఇప్పుడు తెలియదు. నీళ్లు తాగి పలకలు బిగుసుకుపోయాయి. పీకి చూస్తే, పీకినవాడు చెప్పిందే వేదమంటారు. ఆరబెట్టండి. అప్పుడు అందరి కళ్లకీ కనబడుతుంది."

మేరిగోల్డ్‌ని పోలీసు షెడ్డులో రెండు పక్కలా తలుపులు తీసి, గాలికి ఉంచారు. కాపలా పెట్టారు.

ఈలోగా మాకీ క్రాస్బీ ఇంటికి వెళ్లింది. వెండెల్ భార్య ఇసోబెల్ టీ ఇచ్చింది. తన కప్పు ముట్టుకోలేదు.

పడవల గదిలో గోడ నిండా చిన్న చిన్న చీటీలు. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. 'వెండెల్, టోపీ.' 'ప్లగ్ బిగించు.' 'భోజనానికి పన్నెండింటికి రా.'

"ఇవి మీరు రాసినవేనా?"

"ఆయనకి కాస్త మతిమరుపు."

"ఎన్నాళ్లుగా?"

ఇసోబెల్ ఊడిన ఒక చీటీని సరిగా అంటించింది. కిటికీలోంచి నీళ్లకేసి చూసింది. "ఆ పొద్దునే పడవ నీళ్లలోకి దించి, తొమ్మిదీ పదికి బయల్దేరాడు. వంటింట్లోంచి చెయ్యి ఊపాను. ఆయనా ఊపాడు. ఎంత కులాసాగా ఉన్నాడో!"

వెండెల్ కోటు జేబులో మైనపుగుడ్డ సంచీ ఉంది. అందులో అదే పత్రిక, తడవకుండా. 'ఇక నానబెట్టనక్కర్లేదు' అన్న మాట కింద పెన్సిల్‌తో మూడు గీతలు. ఆ గీతల్ని చూస్తూ ఆ సాయంత్రం మాకీ అన్నం కూడా మర్చిపోయింది.

జూన్ ఒకటి, శనివారం. ఉదయం పది గంటలు. మాకీ ఫెర్గస్‌నీ, ఒమర్‌నీ, ఇసోబెల్‌నీ పోలీసు షెడ్డుకి పిలిచింది. తలుపులు మూయించింది. పడవ లోపల పెద్ద దీపం పెట్టింది.

"కిందికి చూడండి."

సిమెంటు నేల మీద వెలుగు గీతలు పడ్డాయి. ఒకటి కాదు, పదీ పదిహేను. ముక్కు నుంచి తోక దాకా ప్రతి పలక సందులోంచీ. మాకీ ఫెర్గస్ ఇచ్చిన పత్రికలోంచి పదకొండో పేజీని మడిచి ఒక సందులో పెట్టింది. సగం దాకా దూరింది.

"జిగురు పెట్టిన అడుగు ఎండినా ఇలా విచ్చుకోదు. ఇది పాత అడుగే. ఒమర్ గారు ముట్టుకోలేదు."

ఫెర్గస్ అక్కడే పెట్టె మీద కూలబడ్డాడు. "ఒరేయ్ ఒమర్, నన్ను తిట్టరా."

"తిడతాలే. ముందు నన్ను నేను తిట్టుకోవడం అయిపోనీ."

ఒమర్ పేరు నిలబడింది. ఇక్కడితో ఆపేద్దామనిపించింది మాకీకి. మిగిలిన సంగతి వల్ల ఎవరికి మేలు? కానీ ఇసోబెల్ లేచి నిలబడింది.

"చెప్పండి సార్జెంట్. మీకు తెలుసు."

మాకీ వెండెల్ జేబులో దొరికిన పత్రికని నెమ్మదిగా తెరిచింది. "ఈ మూడు గీతల అర్థం మొదట మాకెవరికీ తట్టలేదు. తాను రాసిన మాట కింద తానే గీతలు గీసుకునేవాళ్లు ఉండరు. వెండెల్ గారు ఇది రాయలేదు. చదివారు. కొత్త వార్త చదివినట్టు చదివారు."

"రెండేళ్లుగా నేనే రాస్తున్నాను," అంది ఇసోబెల్. "ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. క్లబ్బులో ఎవరికీ తెలియకూడదని. అడుగు మార్పించానని ఆయనే చెప్పాడు. వద్దన్న సంగతి మర్చిపోయి ఉంటాడు. నాకు పడవల గురించి ఏం తెలుసు? రాశాను. ఆయనకి తన బుర్ర మీద నమ్మకం పోయింది గానీ, వార్నిష్ మీద పోలేదు."

మాకీ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కేసు తేలినందుకు సంతోషించాల్సింది. ఏడుపొచ్చింది.

ఇసోబెల్ సంచీలోంచి నీలం కలం తీసింది. "ఫెర్గస్, వచ్చే సంచికలో రెండో పేజీ ఖాళీయేనా?"

"అమ్మా, ఇది అచ్చు వెయ్యక్కర్లేదు. ఎవరు అడుగుతారు?"

"ఆయనుంటే వేసేవాడు. నీ తప్పైతే వేశాడుగా?"

ఆమె పడవ అంచు మీద కాగితం పెట్టుకుని రాసింది.

'సవరణ. వసంత సంచిక, పదకొండో పేజీ. మేరిగోల్డ్ అడుగు మార్చారని అచ్చయింది. మార్చలేదు. ఒమర్ టర్కాట్ తప్పేమీ లేదు. ఆ వ్యాసం వెండెల్ రాయలేదు. తప్పు నాది. ఇసోబెల్ క్రాస్బీ.'

కాగితం ఫెర్గస్‌కి ఇవ్వబోయి ఆగింది.

"ప్రతి వసంతంలో ఆఖరి పేజీలో ఆయన ఒక మాట వేసేవాడు కదూ? ఈసారి చెప్పడం మర్చిపోయాడు. నేను వెయ్యలేదు. ఏంటది?"

ఫెర్గస్ ఒమర్ వైపు చూపించాడు. ఒమరే చెప్పాడు, ఒక్కొక్క మాటా ఆగి ఆగి. ఇసోబెల్ తన పేరు కింద గుండ్రటి అక్షరాలతో రాసుకుంది.

'పడవ దించారా? మూడు రోజులు నాననివ్వండి. తొందరేముంది?'