మూడో దాటులో పదో రాయి

మా కొండబాటకి వాగు నాలుగు చోట్ల అడ్డొస్తుంది. ఆ నాలుగు దాట్లలో మూడోదానికే చెడ్డపేరు. చీకటి పడ్డాక అక్కడ నీళ్ళలో గునపం మోగుతుందంటారు. ఠంగ్… కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ ఠంగ్…

జలపాతం చూసి ఆలస్యంగా దిగొచ్చిన మొగుడూ పెళ్ళాలు ఓసారి నేను టికెట్లు అమ్మే కిటికీ దగ్గర ఆగారు. "మూడో దాటులో పనిచేస్తున్న ముసలాయన ఎవరండీ? చిన్నగా అడుగెయ్యమని చెప్పి దాటించాడు" అన్నారు. ఆ ముసలాయన ఎవరో నాకు తెలుసు. పోయి అప్పటికి ఆరునెలలు. ఆ మాట మాత్రం చెప్పలేదు. పాపం, వాళ్ళు ఇంటిదాకా కారు నడుపుకుని వెళ్ళాలి కదా.

ఆయన మా బాట మేస్త్రీ. ఎడమకాలు కాస్త పొట్టి. ముప్ఫై ఏళ్ళు వాగులో అడుగురాళ్ళు పరిచి పరిచి, ఓ సాయంత్రం మూడో దాటులోనే వంగినవాడు వంగినట్టే కూలిపోయాడు. ఆయన పెట్టే పరీక్ష ఒకటుండేది — రాళ్ళు పరిచినవాడే చీకట్లో, దీపం లేకుండా, చెప్పులు లేకుండా వాటి మీద దాటాలి. కళ్ళతో పనిలేకుండా కాలికి రాయి అందితేనే మర్నాడు జనాన్ని వదిలేవాడు. "నీ కాలుతో కొలవకు. వచ్చేవాళ్ళలో ఎవరిది పొట్టికాలో, దాంతో కొలువు" అనేవాడు.

ఇక జరిగింది చెబుతాను. మా బాబాయి చెప్పగా విన్నదే. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఆ ఒట్టు సంగతి తర్వాత చూసుకుందాం.

బాబాయి ఆ మేస్త్రీ దగ్గర పదిహేనేళ్ళు చేశాడు. పిన్ని చెల్లెలి మొగుడు, అంటే బాబాయి తోడల్లుడు, వచ్చి నాలుగేళ్ళే. ఏ గుమ్మంలోంచైనా వంగి రావాల్సిన మనిషి. అందరం పొడుగోడు అంటాం. మేస్త్రీ పోయే ముందు నెలలో తన గునపం తీసుకొచ్చి ఆ పొడుగోడి చేతిలో పెట్టాడు. గొడవంతా అక్కడ మొదలైంది.

అప్పట్నుంచి బాబాయి కడుపు మండుతూనే ఉంది. వాళ్ళిద్దరి క్వార్టర్లకీ మధ్య ఒకటే గోడ. అవతల పొడుగోడు గునపానికి నూనె రాస్తుంటే, ఇవతల బాబాయికి ముద్ద దిగేది కాదు. పోనీ వినకుండా ఉంటాడా అంటే, గోడకి చెవి ఆనించి మరీ వినేవాడు.

"మా చెల్లెలి మొగుడు ఇంత వానలోనూ పనికి వెళ్ళాడు, చూశారా?" అనేది పిన్ని.

"వాడికి అందరికంటే ముందు తగులుతుంది వాన. అందుకే ముందు బయల్దేరాడు" అనేవాడు బాబాయి.

కుళ్ళు అంటే కుళ్ళే, దానికి ఇంకో పేరు పెట్టక్కర్లేదు. నాలోనూ కాస్త ఉంది కాబట్టి చూడగానే గుర్తుపడతాను.

ఆ ఏడు వాగు పొంగి మూడో దాటు రాళ్ళన్నీ కొట్టుకుపోయాయి. జలపాతానికి అదే దారి. సెలవుల్లో జనం ఇసకేస్తే రాలరు. దాన్ని మళ్ళీ పరిచే పని మా బాట చూసే ఆఫీసరు పొడుగోడికి అప్పగించాడు. బాబాయికి జలపాతం దాటాక పైనున్న నాలుగోది ఇచ్చాడు. అటు రోజుకి పట్టుమని పదిమంది వెళ్ళరు.

"శనివారం నేనే వచ్చి మూడోది దాటి చూస్తా. బాగుంటే అక్కడే కొత్త మేస్త్రీ ఎవరో చెబుతా" అన్నాడు ఆఫీసరు. ఎవరో ఆయన చెప్పకుండానే అందరికీ తెలుసు. పదిహేనేళ్ళ మనిషి నాలుగేళ్ళవాడి కింద పనిచెయ్యాలి.

పొడుగోడు తొమ్మిది రాళ్ళు పరిచాడు. తొమ్మిదోదానికీ అవతలి గట్టుకీ మధ్య గంతేసేంత ఖాళీ మిగిలింది. తన పొడుగుకాలుతో కొలుచుకున్నాడని బాబాయి పగలే కనిపెట్టాడు. కనిపెట్టి నోరు మెదపలేదు, పైగా లోపల్లోపల సంతోషించాడు.

ఆ సంతోషం కూడా చాల్లేదు. శుక్రవారం చీకటి పడుతుండగా దీపం లేకుండా మూడో దాటుకి వెళ్ళాడు… మంచిపని మీద కాదు. అడుగురాయి ఊగకుండా దాని కింద ఓ చిన్న రాయి బిగిస్తారు. ఏడోదాని కింద ఉన్నది లాగేస్తే చాలు. పొద్దున్నే ఆఫీసరు దాని మీద కాలు పెడతాడు, నీళ్ళలో పడతాడు, పొడుగోడి పని అయిపోతుంది. ప్రాణం పోయేంత లోతు కాదులే అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడట.

చెప్పులు విప్పి దిగాడు. ఒకటి… రెండు… మూడు… రాళ్ళు కాలికి చక్కగా అందుతున్నాయి. ఒక్కటైనా వంకరగా ఉంటే అంత మండేది కాదేమో. నాలుగు… అయిదు… ఆరు… ఏడో రాయి మీద కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టాడు. చిన్న రాయి తగిలింది. అటూ ఇటూ ఊపాడు. ఊడొచ్చింది.

ఠంగ్…

అవతలి గట్టు వైపు నుంచి.

బాబాయి దెయ్యం అనుకోలేదు. పొడుగోడే అనుకున్నాడు, దొరికిపోయాననుకున్నాడు.

"ఎవరూ…"

నీళ్ళ కింద ఏదో బండని దొర్లిస్తున్న చప్పుడు… గరగరమని… ఆగి… మళ్ళీ. ఇద్దరు పట్టినా కదలని బండ అని ఆ చప్పుడుకే తెలిసిపోతోంది. తర్వాత అదీ ఆగిపోయింది.

"తమ్ముడూ… నువ్వేనా…"

అప్పుడు వినిపించింది. ఎదురుగా కాదు — వెనకాల. వీపుకి జానెడు దూరంలో.

"చిన్నగా… చిన్నగా అడుగెయ్…"

పదిహేనేళ్ళు విన్న గొంతు. లాగిన రాయిని దాని చోట్లోనే దూర్చి, పిడికిలితో గుద్ది గుద్ది బిగించాడు. వేళ్ళు చిట్లి రక్తం కారింది. వెనక్కి తిరిగే ధైర్యం లేదు. ముందుకే నడిచాడు. ఎనిమిది… తొమ్మిది… ఇక గంతెయ్యాలి. చీకట్లో కనపడని గట్టుకి గంతెలా వేస్తాడు? మునిగితే మునిగానని ఒక కాలు చాపాడు.

కాలికి రాయి అందింది.

పదోది. చిన్న అడుగు దూరంలో… చల్లగా, గట్టిగా. దాని మీంచి గట్టెక్కాడు.

పై దాటు మీదుగా చుట్టూ తిరిగి ఇల్లు చేరేసరికి, పొడుగోడు గుమ్మంలో కూర్చుని కూతురికి జడ వేస్తున్నాడు. కాళ్ళు పొడిగా ఉన్నాయి. గునపం గోడకి ఆనించి ఉంది. రాసిన నూనె రాసినట్టే ఉంది.

"బయటికేమైనా వెళ్ళావా?"

"లేదన్నయ్యా, మధ్యాహ్నం నుంచీ పాపకి జ్వరం. అదేంటి, మీ వేళ్ళకి ఆ రక్తం?"

బాబాయి లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

శనివారం ఆఫీసరు తన తల్లిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆయన మోచేతి దాకా వచ్చే చిన్న మనిషి ఆవిడ. ఏడో రాయి కదల్లేదు. తొమ్మిదో రాయి దాకా కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళి, అక్కడ చెయ్యి వదిలించుకుని, పదో రాయి మీద తనే అడుగేసి గట్టెక్కింది. నేనూ అక్కడే ఉన్నాను.

పొడుగోడు తెల్లబోయి ఆ రాయి వంక చూశాడు. తర్వాత బాబాయి వేళ్ళ వంక చూశాడు.

"సార్, ఆ ఆఖరి రాయి నేను పెట్టింది కాదు. అక్కడ ఖాళీ ఎక్కువైందని నిన్ననే తట్టింది, పరువు పోతుందని చెప్పలేదు. మా అన్నయ్య చీకట్లో వచ్చి పెట్టాడు. నాకు మాట రాకూడదని ఎవరితోనూ అనలేదు కూడా." బాబాయి వైపు చెయ్యి చూపించాడు. "మేస్త్రీ అంటే ఈయనే సార్."

ఆఫీసరు సరేనన్నాడు. పొడుగోడు గునపం తెచ్చి బాబాయి చేతిలో పెట్టాడు. బాబాయి ఏం చెబుతాడు? పెట్టింది నేను కాదంటే, మరి ఆ వేళప్పుడు నీ వేళ్ళు ఎందుకు చిట్లాయని అడుగుతారు. నోరు మూసుకుని తీసుకున్నాడు.

ఇదంతా విని నేను, "పోనీలే బాబాయ్, గునపమూ నీకే వచ్చింది, పేరూ నీకే వచ్చింది. ఇంకా ఎందుకు ఏడుపు?" అన్నాను.

బాబాయి గోడ వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఆయన ఆ రాయి ఎవరి దాటులో పెట్టాడురా? వాడి దాటులో. చచ్చిపోయి కూడా వాడి తప్పే సర్దడానికి వచ్చాడు. నాది ఒక్కసారైనా వచ్చి చూశాడా?"

ఆ తర్వాత చీకటి పడ్డాక రోజూ ఎక్కడికో వెళ్ళొస్తున్నాడని పిన్ని చెబితే, మొన్న చాటుగా వెనకాలే వెళ్ళాను. నాలుగో దాటుకి వెళ్ళాడు. అది బాబాయే పరిచింది, మొత్తం ఎనిమిది రాళ్ళు. అవతలి గట్టు దగ్గరున్న ఎనిమిదోదాన్ని తనే పెకలించి పక్కకి నెట్టాడు. ఇటు వచ్చి, చెప్పులు విప్పి, ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ దాటాడు. ఏడు దగ్గర ఆగి కాలు చాపాడు. ఆ ఖాళీలో, ఆ చల్లటి నీళ్ళలో, కాలితో చాలాసేపు వెతికాడు.

"మేస్త్రీ గారూ…" అన్నాడు బతిమాలుకుంటూ. "ఇక్కడ కూడా ఒకటి తక్కువైందండీ…"

ఇద్దరం ఊపిరి బిగబట్టుకుని విన్నాం.

ఠంగ్…

ఇక్కడ కాదు. కింద… మూడో దాటులో.